బావకి వినపడని టిక్కు

మా బావ చెవులు చూడ్డానికి ఏమంత బాగుండవు. డిప్పల్లా ఉంటాయి, అందరి చెవులకంటే ఓ వేలెడు బయటికి పొడుచుకొచ్చి. అక్కతో సంబంధం కుదిరాక ఆయన మొదటిసారి మా ఇంటికొచ్చిన రోజు నాకు పదకొండేళ్లు. తలుపు సందులోంచి చూసి లోపలికి పరిగెత్తి, "అక్కా, నీకు కుందేలు దొరికింది" అని చెప్పి వీపు మీద ఒకటి తిన్నాను. ఆ మాట ఆయన ముందు గదిలోంచి విన్నాడు. వెళ్లేటప్పుడు నన్ను పిలిచి, "కుందేళ్లకి బాగా వినపడుతుందమ్మాయ్, చూసి మాట్లాడు" అన్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ చెవులే అక్క ఇంటికి అన్నం పెట్టాయి. బావది కార్ల కరెంటు పని. దీపాలు, డైనమోలు, వైరింగు అన్నీ చేసేవాడు గానీ పేరు మాత్రం హారన్ల మీదే వచ్చింది. వీధిలో అందరూ హారన్ మేస్త్రి అనేవారు. మాది అచ్చంగా వర్క్‌షాపుల వీధి. ఒక చివర టైర్లు, ఇంకో చివర రేడియేటర్లు, మధ్యలో మా రేకుల షెడ్డు. గోడకి మేకులు కొట్టి పాత హారన్లు వరసగా వేలాడదీసి ఉండేవి. వాటి కింద బల్ల, బల్ల అంచుకి వస్తువుని కదలకుండా పట్టి ఉంచే ఇనప వైస్, పక్కన బ్యాటరీ. బావ అక్కడ నిలబడి టీ తాగుతూ, వీధి మలుపులో ఏదో కారు హారన్ కొడితే, "దానికి పాయింట్లు అరిగాయి, పది రోజుల్లో వస్తాడు చూడు" అనేవాడు. పది రోజులకి ఆ కారు వచ్చి మా ముందు ఆగేది. ఇదేదో మహిమ అని నేను చాలాకాలం నమ్మాను.

హారన్లకి ఆయన పేర్లు పెట్టేవాడు. సన్నగా, వినయంగా మోగేది గుమాస్తా. ఒకసారి మొదలుపెడితే ఆగనిది పెత్తనం చేసే అత్తగారు. బొంగురుది పొద్దున్నే నిద్ర లేపిన మామగారు. "మరి నాదేంటి బావా?" అని ఒకసారి అడిగాను. "నీది వేరే రకం. మీట నొక్కకపోయినా మోగుతుంది" అన్నాడు. షెడ్డులో ఉన్న నలుగురూ నవ్వారు. నేను చేతిలో ఉన్న ఫోము ముక్క ఆయన మీదికి విసిరాను.

నేను ఆ షెడ్డులో ఎందుకున్నానో చెప్పాలి. నా సంసారం రెండేళ్లకే పెటాకులైంది, ఆ కథ ఇక్కడ అనవసరం. పుట్టింట్లో అందరూ నా మొహంలోకి జాలిగా చూస్తుంటే భరించలేక అక్క దగ్గరికి వచ్చేశాను. వచ్చిన నెలకి బావ ఎక్కడినుంచో ఒక పాత కుట్టు మిషను తోపుడు బండి మీద వేయించుకొచ్చాడు. తన సామానంతా ఒక పక్కకి జరిపి నేల మీద సుద్దతో అడ్డంగా గీత గీశాడు.

"గీతకి అటు నీది. ఈ వీధిలో కార్లు బాగుచేసేవాళ్లే గానీ సీట్లు కుట్టేవాళ్లు లేరు. చొక్కాలు కుట్టినట్టే అనుకో. పైగా సీట్లు కొలతలిచ్చేటప్పుడు కదలవు, ఊపిరి కూడా పీల్చవు."

"నాకు రాదు బావా."

"నాకూ పుట్టగానే రాలేదు."

మొదట్లో నేను కుట్టిన సీటు కవర్లు వదులై గోనెసంచుల్లా ఉండేవి. ఆ సీట్లమీద బావే ముందు కూర్చుని, అటూ ఇటూ కదిలి, "బానే ఉంది, కాస్త లావుపాటివాళ్లు కూర్చుంటే సరిపోతుంది" అనేవాడు. ఇరవై ఆరేళ్లు ఆ గీతకి ఇటు నేనూ అటు ఆయనా పని చేశాం. నేను ఇవాళ ఒకరి ముందు చేయి చాపకుండా బతుకుతున్నానంటే అది ఆ సుద్ద గీత చలవే. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసింది చదివేటప్పుడు మీకు గుర్తుండాలి.

బావ పనిలో ఒక పద్ధతి ఉండేది. హారన్ మోగడం లేదని ఎవరైనా వస్తే ముందు చిన్న బల్బు పట్టుకుని కరెంటు ఎంతవరకు వస్తోందో చూసేవాడు. హారన్ దాకా వస్తోందంటే దాన్ని ఊడదీసి వైస్‌లో బిగించేవాడు. బ్యాటరీ నుంచి రెండు తీగలు తెచ్చి, రెండు చేతులతో హారన్ కొనలకి తాకించి, తల కాస్త పక్కకి వంచేవాడు. అసలు పరీక్ష అక్కడే. హారన్ లోపల ఒక తీగ చుట్ట ఉంటుంది, దాని ముందు పల్చటి ఉక్కు రేకు. కరెంటు వెళ్తే చుట్ట రేకుని లాగుతుంది, వెంటనే లోపల కరెంటు కలిపే పాయింట్లు విడిపోయి వదిలేస్తుంది, మళ్లీ లాగుతుంది. క్షణంలో వందలసార్లు ఇలా జరిగితే మనకది మోత. వెనకున్న స్క్రూ కాస్త సడలితే పాయింట్లు విడిపోవు. అప్పుడు రేకు ఒక్కసారి లాక్కుని అలాగే ఉండిపోతుంది. మోత రాదు, ఒక్క టిక్కు మాత్రం వస్తుంది. గోడగడియారంలో ముల్లు కదిలినంత చప్పుడు. టిక్కుమంటే హారన్ బతికే ఉన్నట్టు, స్క్రూ పావు వంతు తిప్పితే చాలు. టిక్కు కూడా లేకపోతే లోపల తీగ కాలిపోయినట్టు, విప్పక తప్పదు. కాలిన చుట్టకీ నిప్పురవ్వ వస్తుంది కాబట్టి కంటితో చూసి చెప్పలేం. రెండు చేతుల్లో రెండు తీగలుంటాయి కాబట్టి తాకి చూడలేం. చెవి ఒక్కటే దిక్కు.

ముప్పై ఎనిమిదేళ్లు హారన్ల మూతి దగ్గర చెవి పెట్టి స్క్రూలు తిప్పిన మనిషికి చెవులు ఎన్నాళ్లు ఉంటాయి? మొదట ఇంట్లో తెలిసింది. అక్క వంటింట్లోంచి పిలిస్తే పలికేవాడు కాదు. "పెళ్లాం పిలిస్తే వినపడకపోవడం కూడా ఒక జబ్బేనా?" అని నవ్వి కొట్టిపారేశాడు. అక్క కూడా నవ్వింది. నాకు షెడ్డులో తెలిసింది. ఒకరోజు ఆయన తీగలు తాకించి, తల వంచి, మళ్లీ తాకించి, కనుబొమలు ముడేసుకుని నిలబడ్డాడు. హారన్ స్పష్టంగా టిక్కుమంది. నేను ఏ ఉద్దేశమూ లేకుండా, "అందిగా బావా" అన్నాను. ఆయన ఉలిక్కిపడి, "ఆఁ, విన్నాలే" అని స్క్రూ డ్రైవరు అందుకున్నాడు.

తర్వాతి హారన్‌కి తీగలు తాకించి ఒక్క క్షణం నా వైపు చూశాడు. నేను గడ్డం పైకెత్తాను. అలా మొదలైంది. టిక్కుమంటే గడ్డం పైకి, లేకపోతే తల అడ్డంగా. ఇద్దరం దాని గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. మిషను తొక్కుతున్నా, ఆయన వైస్ బిగిస్తున్నాడని చూడగానే నా కాలు దానంతట అదే ఆగిపోయేది. కస్టమర్లు చెప్పే మాటలు ఆయన మొహాలు చూసి పట్టేవాడు, తప్పిపోయినవి నేను గట్టిగా తిరిగి చెప్పేదాన్ని. మూడేళ్లు ఇలా గడిచాయి. సాయం చేస్తున్నానని మురిసిపోయానే గానీ, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన మనిషిని నేనే దాచిపెడుతున్నానని తట్టలేదు.

చెడగొట్టింది స్పేర్ పార్ట్స్ అమ్మే ఆయన. చెడ్డవాడు కాదు, నోటికి వచ్చింది అనేస్తాడు. ఒక సాయంత్రం మా షెడ్డులో కూర్చుని మా తంతు కాసేపు గమనించి, "ఇదేం దుకాణం మేస్త్రీ, వినేది ఒకరూ చేసేది ఒకరూనా? బోర్డు మీద మీ మరదలి బొమ్మ కూడా వేయించు" అని పకపకా నవ్వాడు. బావ కూడా నవ్వాడు. ఆయన వెళ్లేదాకా నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత మొహం నల్లబడింది.

"ఇక ఆ సైగలు మానెయ్" అన్నాడు నా వైపు చూడకుండా.

"ఏ సైగలు?"

"తెలియనట్టు అడక్కు. నా పక్కన నిలబడి తలాడించడానికి నేనేమన్నా గుడ్డివాణ్ణా?"

"గుడ్డివాడివి కాదు బావా. చెవుడు నీకు."

ఆ మాట ఆ షెడ్డులో అప్పటిదాకా ఎవరూ అనలేదు. మెల్లగా అనొచ్చు, వేరే రోజు అనొచ్చు. నాకు అంత ఓపిక ఎక్కడిది! పైగా ఊరుకోకుండా, "డాక్టరు దగ్గరికి వెళ్దాం, అక్కకి చెప్తాను" అని మొదలుపెట్టాను. ఆయన ఇటు తిరిగాడు. ఇరవై ఆరేళ్లలో నన్ను ఒక్క మాట అనని మనిషి, వీధిలోకి వినపడేలా అరిచాడు.

"నా చెవులకి నీ కాపలా ఏంటి? సొంత కాపురం చూసుకోలేనిదానివి నా సంగతి చూస్తావా? గీతకి అటు నీ పని నువ్వు చూసుకో."

సంసారం గురించి ఎవరెన్ని అన్నా పడ్డాను గానీ, ఆయన నోట ఆ మాట వస్తుందని కలలో కూడా అనుకోలేదు. ఆయన కూడా అనగానే నాలిక కరుచుకున్నట్టు ఆగిపోయాడు. నేను మిషను మీద గుడ్డ కప్పి ఇంటికి నడిచి వచ్చేశాను. భోజనాల దగ్గర ఇద్దరం మాట్లాడలేదు. అక్క మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "మీ ఇద్దరికీ మూతులు కుట్టారా?" అంది.

మర్నాడు పొద్దున్న పది గంటలకి సర్వేయరు గారి కారు వచ్చింది.

ఆ కారు మాకు పాత చుట్టం. మీగడ రంగు, గుండ్రటి వీపు, గుడ్లు తేలేసినట్టుండే దీపాలు. అలాంటిది ఊరంతా వెతికినా ఇంకోటి కనపడదు. సర్వేయరు గారు ఉద్యోగం మానేసి పదిహేనేళ్లయింది. ఆ కారుకి ఇంజను మార్చారు, రంగు మూడుసార్లు వేయించారు, సీట్లు నేనే రెండుసార్లు కుట్టాను. పుట్టినప్పటినుంచి దానికి ఉన్నవి రెండే, స్టీరింగూ హారనూ. ఆ హారన్ మోత అంటే బావకి ప్రాణం. దానికి మాత్రం పేరు పెట్టలేదు. "అది హారన్ కాదు, పెద్దమనిషి మాట" అనేవాడు. బరువుగా, నెమ్మదిగా, ఎవర్నీ తరమకుండా మోగేది.

"నిన్నటినుంచి మోగట్లేదు మేస్త్రీ" అన్నారు సర్వేయరు గారు. "ఎలాగైనా దీన్నే బాగుచెయ్యండి. కొత్తది వద్దు. మా ఆవిడకి చివర్లో చూపు పోయింది, మీకు తెలుసుగా. గేటు దగ్గర ఈ హారన్ కొడితే నేనొచ్చానని లేచి కూర్చునేది. ఇంట్లో ఆవిడ లేదు, ఇదన్నా ఉండనీ."

"దీనికేం కాదు సార్. నేనున్నాగా" అన్నాడు బావ.

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి పని మొదలుపెట్టాడు. బ్యాటరీ చూశాడు, బాగుంది. ఫ్యూజు చూశాడు, బాగుంది. బల్బు పట్టుకుని హారన్ కొన దాకా వచ్చాడు, బల్బు వెలిగింది. మీట దగ్గరినుంచి వచ్చే తీగ కూడా సరిగ్గానే ఉంది. కాబట్టి తేడా హారన్‌లోనే. దాన్ని ఊడదీసి, దుమ్ము తుడిచి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు వైస్‌లో పెట్టి బిగించాడు. నేను ఇటు తిరిగి ఒక సీటు అంచు కుడుతున్నాను. నా కాలు అలవాటుగా ఆగిపోయింది. ఆగిపోయినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

బావ తీగలు తాకించాడు. నిప్పురవ్వ వచ్చింది. టిక్కుమంది.

నేను విన్నాను. ఇందులో ఏ సందేహమూ లేదు. మిషను ఆగి ఉంది, వీధి కూడా ఆ క్షణంలో నిశ్శబ్దంగా ఉంది, ఒక్క టిక్కు శుభ్రంగా నా చెవిన పడింది. బావ తలెత్తి నా వైపు చూశాడు.

నిన్న అరిచిన మనిషేనా అనిపించేలా చూశాడు. అడుగుతున్నట్టు, కాస్త బతిమాలుతున్నట్టు. నాకు జాలి వేయాల్సింది. కానీ ఆ క్షణంలో నా బుర్రలో ఒకటే మాట తిరిగింది: గీతకి అటు నీ పని నువ్వు చూసుకో అన్నావుగా, చూసుకుంటున్నాను. తల వంచుకుని సూది కింద రెగ్జిన్ సర్దాను. ఆయన మళ్లీ తాకించాడు. ఈసారి నేను మిషను తొక్కాను, గట్టిగా.

నేను గడ్డం ఎత్తలేదు కాబట్టి టిక్కు రాలేదని ఆయన అనుకున్నాడు. సైగలు మానెయ్యమన్నది తనే అయినా, టిక్కుమంటే నేను ఎత్తకుండా ఉంటానని ఆయనకి తట్టనే లేదు. ఆ సంగతి నాకు చాలా తర్వాత అర్థమైంది.

"లోపల తీగ కాలిపోయింది సార్" అన్నాడు సర్వేయరు గారితో. "విప్పి కొత్త తీగ చుట్టాలి. దీనికి రివెట్లు, డ్రిల్లు పెట్టి తీయాలి. రేకు పాతది, చిట్లే ప్రమాదం కొంచెం ఉంది. కానీ వేరే దారి లేదు."

"మీరు చేస్తుంటే నేను భయపడటమేంటి? కానివ్వండి. సాయంత్రం వస్తాను" అని ఆయన లేచి వెళ్లిపోయారు.

ఆ తర్వాత డ్రిల్లు మొదలవడానికి పది నిమిషాలు పట్టింది. డ్రిల్లుకి బిగించే సన్నటి బిట్టు కోసం బావ సొరుగులన్నీ వెతికాడు. దొరికాక సాన పట్టాడు. రివెట్ల మీద గుర్తులు పెట్టాడు. ఆ పది నిమిషాలూ నేను నాలుగడుగుల దూరంలో కూర్చునే ఉన్నాను. ఒక్క మాట చాలు. బావా, అది టిక్కుమంది. మూడు ముక్కలు. ఆ మూడు ముక్కలు నోటిదాకా వచ్చాయి కూడా. ఇంకోసారి నా వైపు చూస్తే చెబుదాం అనుకున్నాను. చూడకపోతే నాకేం అనుకున్నాను. ఆయన మళ్లీ చూడలేదు. పనిలో పడితే ఆయన ఎవర్నీ చూడడు, ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు?

డ్రిల్లు తిరిగింది. ఆరు రివెట్లూ ఒక్కొక్కటే ఊడాయి. ఏమీ కాకపోవచ్చు, విప్పి మళ్లీ బిగిస్తాడు, అంతేగా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మూత లేపుతున్నప్పుడు సన్నగా చిరిగిన చప్పుడైంది. అంచు వెంబడి రేకు అరచేతి పొడవున చిట్లిపోయింది.

బావ దాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు. తర్వాత లోపలికి వంగాడు. కాలిన వాసన లేదు. తీగ చుట్ట ఎర్రగా, నిన్న చుట్టినట్టు మెరుస్తోంది. ఆయన మొహం మారింది. చిట్లిన రేకుని చుట్టకి కాస్త ఎడంగా నిలబెట్టి, తీగలు అందుకుని, మళ్లీ తాకించాడు. రేకు ఆయన కళ్ల ముందే ఎగిరి చుట్టకి అతుక్కుంది. అంటే పొద్దున్న కూడా అతుక్కునే ఉంటుంది. అంటే పొద్దున్న కూడా టిక్కుమనే ఉంటుంది.

ఆయన తీగలు కింద పెట్టి నెమ్మదిగా నా దగ్గరికి వచ్చాడు. సుద్ద గీత చెరిగిపోయి ఎన్నో ఏళ్లయింది, అయినా సరిగ్గా అది ఉండే చోట ఆగాడు.

"ఇందాక టిక్కుమందా?"

అప్పుడైనా చెప్పొచ్చు. కోపం ఎప్పుడో దిగిపోయింది, దాని చోట భయం కూర్చుంది. ఆ మొహం చూస్తూ, విన్నాను, కావాలనే చెప్పలేదు అనే ధైర్యం నాకు లేకపోయింది.

"మిషను తొక్కుతున్నాను బావా. వినలేదు" అన్నాను.

"అవున్లే" అన్నాడు వెంటనే. "ఆ చప్పుడులో నీకు మాత్రం ఎలా వినపడుతుంది? తప్పు నాది."

పైగా నా తల మీద చేయి వేసి వెళ్లాడు. తిట్టి ఉంటే బాగుండేది, కొట్టినా బాగుండేది.

సాయంత్రం సర్వేయరు గారు వచ్చేసరికి బావ ఆ ముక్కలన్నీ శుభ్రంగా తుడిచి ఒక గుడ్డ మీద పేర్చి ఉంచాడు. సాకులు చెప్పలేదు. "హారన్ బాగానే ఉంది సార్. స్క్రూ తిప్పితే సరిపోయేది. నాకు చెవులు వినపడటం లేదు, చాలాకాలంగా. ఎవరికీ చెప్పలేదు. మీ హారన్ నేను చంపేశాను" అన్నాడు. సర్వేయరు గారు కోప్పడలేదు. చిట్లిన రేకుని వేలితో ఒకసారి తడిమి, "పోనీలెండి, ఏదో ఒకటి పెట్టండి, రోడ్డు మీద వెళ్లాలిగా" అన్నారు. బావ గోడ మీదున్న వాటిలో మంచిది తీసి బిగించాడు. మీట నొక్కితే కీచుమని మోగింది. ఆ మోత విని సర్వేయరు గారు కిటికీ అద్దం ఎత్తుకున్నారు. గుడ్డలో ముక్కలు మూటగట్టి ఒళ్లో పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ కారు మళ్లీ మా వీధిలోకి రాలేదు.

బావ ఇంకో హారన్ ముట్టుకోలేదు. నెల తిరిగేసరికి కరెంటు పనంతా మానేశాడు. ఎవరెంత చెప్పినా, "ఇంకొకరి వస్తువు పాడుచెయ్యను" అన్న ఒక్క మాట తప్ప ఇంకోటి లేదు. అక్కకి విషయం తెలిసి, ఏడ్చి, ఆయన్ని చెవుల డాక్టరు దగ్గరికి పంపింది. తోడుగా నేనే వెళ్లాను. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు, "ఓ మూడేళ్ల ముందు వచ్చి చప్పుళ్లకి దూరంగా ఉంటే ఉన్నదన్నా నిలిచేది" అన్నాడు. మూడేళ్లు. నేను గడ్డం ఎత్తడం మొదలుపెట్టి అప్పటికి మూడేళ్లు.

చెవి మిషను తయారయ్యేదాకా బయట బల్ల మీద కూర్చున్నాం. ఇవాళ చెప్పేయాలి అని తెగించాను. ఆయన వైపు తిరిగి, పెదాలు చదువుకునేలా నెమ్మదిగా, "బావా, ఆ రోజు పొద్దున్న..." అన్నాను.

ఆయన చెయ్యెత్తి ఆపేశాడు. "ఆ రోజు సంగతి ఎత్తకు. అంతకుముందు రోజు నిన్ను అనకూడని మాట అన్నాను. నీ సంసారం గురించి ఎత్తే హక్కు నాకెక్కడిది? హారన్ పోయినందుకంటే నాకు అదే ఎక్కువ బాధగా ఉంది. మనసులో పెట్టుకోకు" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా. లోపలినుంచి పేరు పిలిచారు, లేచి వెళ్లిపోయాం.

ఇది జరిగి నాలుగేళ్లయింది. ఇప్పుడు షెడ్డు మొత్తం నాదే. బావ పొద్దున్నే నాతో వస్తాడు, ఫోము కోస్తాడు, రెగ్జిన్ మీద గీతలు పెడతాడు. ఆయన కోత నా కోతకంటే తిన్నగా ఉంటుంది. చెవి మిషను పెట్టుకుంటే అన్నీ డబ్బాలో గులకరాళ్లలా మోగుతున్నాయని సగం రోజు తీసి జేబులో వేసుకుంటాడు. వీధిలో హారన్లు మోగితే తలెత్తడు. మొదట్లో నాకు అదే ఎక్కువ కష్టంగా ఉండేది.

మొన్న స్పేర్ పార్ట్స్ ఆయన వచ్చి కూర్చున్నాడు. మాటల్లో ఆ పాత కారు ప్రస్తావన వచ్చింది. ఆయన అలవాటు ప్రకారం నోరు జారాడు.

"అయినా మేస్త్రీ, ఆ రోజు మీ మరదలు ఇక్కడే ఉందిగా? ఆమెకైనా వినపడలేదా, లేక కోపంతో చెప్పలేదా?"

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. చెవి మిషను ఆ పూట బావ చెవిలోనే ఉంది, మాట స్పష్టంగా విన్నాడు. నవ్వాడు. నా వైపు చూడను కూడా లేదు, చూడాల్సిన అవసరం ఉందని అనుకోలేదు.

"దాన్ని చిన్నప్పట్నుంచి చూస్తున్నానయ్యా. కోపం వస్తే అన్నం మానేస్తుంది, మాట మానేస్తుంది. పని దగ్గర మాత్రం అలా చెయ్యదు. విని ఉంటే చెప్పేదే" అన్నాడు.

స్పేర్ పార్ట్స్ ఆయన అవునన్నట్టు తలూపాడు. బావ ఫోము ముక్క నా ముందుకి జరిపి కొలత అడిగాడు. నేను టేపు పట్టుకుని కొలత చెప్పాను.